బ్యాటరీ మూడు చక్రాల బండి – కొనుగోలు, సంరక్షణ

పాలు పోసే సభ్యులందరి ఇండ్లూ పాల కేంద్రం పక్కనే ఉండవు. ఊరికి రెండు మూడు కిలోమీటర్ల దూరాన ఉన్న గూడేలు, తండాలు, చేల మధ్య వేసుకున్న పాకలు – అక్కడి పాలను వేళకు కేంద్రానికి చేర్చడం మన సంఘాలకు ఎప్పుడూ ఉన్న సమస్యే. ఒకప్పుడు సైకిలుకు రెండు వైపులా క్యాన్లు కట్టి తెచ్చేవారు. తరువాత మోపెడ్లు, డీజిలు ఆటోలు వచ్చాయి. కొన్నేళ్లుగా బ్యాటరీతో నడిచే చిన్న మూడు చక్రాల బండ్లు వస్తున్నాయి. వీటికి డీజిలు అక్కరలేదు, పొగ రాదు, వెల తక్కువ. చాలామటుకు చైనా నుండి దిగుమతి అయిన భాగాలతో బిగించినవి కనుక జనం వీటిని “చైనా బండి” అంటుంటారు.

ఈ బండ్లను గురించి రెండు రకాల మాటలు వినిపిస్తాయి. “దీనంత లాభసాటి బండి లేదు” అని ఒకరంటే, “ఏడాది తిరక్కుండానే మూల పడింది” అని మరొకరంటారు. రెండూ నిజమే. ఒకే రకం బండి ఒకరికి లాభం, మరొకరికి నష్టం ఎందుకు తెస్తున్నదో తెలుసుకుంటే, కొన్నవారికీ కొనదలచినవారికీ మేలు కలుగుతుంది.

ఒక అనుభవం

నాకు తెలిసిన ఒక సంఘంలో సభ్యుని కుమారుడొకడు అప్పు చేసి ఇటువంటి బండి కొన్నాడు. పొద్దున, సాయంకాలం తండా నుండి ఐదేసి క్యాన్లు తెచ్చేవాడు. మొదటి ఆరు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఆ తరువాత దారిలో బండి నెమ్మదించడం మొదలైంది. పదవ నెలలో, మే నెల సాయంకాలం పూట, కాలువ గట్టు మీద బండి పూర్తిగా ఆగిపోయింది. ఫోన్లు చేసి వేరే బండి తెప్పించే సరికి బాగా పొద్దుపోయింది. ఐదు క్యాన్ల పాలలో మూడు క్యాన్లవి కాచి చూసినప్పుడు విరిగిపోయాయి. ఆ పూట పాతిక ఇండ్లవారి పాల డబ్బు పోయింది.

“చైనా సరుకు ఇంతే” అన్నారందరూ. మరునాడు మెకానిక్కు బ్యాటరీల మూతలు విప్పి చూపించాడు. లోపలి పలకలు ఎండిపోయి, పైన తెల్లని పొర కట్టి ఉన్నాయి. పది నెలల్లో వాటిలో నీళ్లు పోసింది రెండే సార్లు. మోటారు బాగుంది, చక్రాలు బాగున్నాయి. పోయినవి బ్యాటరీలు మాత్రమే. అయితే ఈ బండి వెలలో పెద్ద భాగం ఆ బ్యాటరీలదే. దూడకు మేత, నీళ్లు చూసినట్లే బ్యాటరీలకూ చూడాలని అమ్మినవారు చెప్పలేదు, కొన్నవారు అడగలేదు.

చట్టం ఏమంటున్నది?

ఈ తరహా బండ్లు 2010 ప్రాంతంలో ఢిల్లీ వీధులలో ఈ-రిక్షాలుగా విరివిగా కనిపించసాగాయి. అప్పట్లో వాటికి రిజిస్ట్రేషను లేదు, నడిపేవారికి లైసెన్సు లేదు. ప్రమాదాల దృష్ట్యా 2014 జూలై 31న ఢిల్లీ హైకోర్టు వాటిని నిలిపివేసింది. అదే సంవత్సరం అక్టోబరులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో వీటికి స్థానం కల్పించారు. 2015లో మోటారు వాహనాల చట్టాన్ని కూడా సవరించారు. మనుషులను ఎక్కించుకునేది ఈ-రిక్షా, సరుకు మోసేది ఈ-కార్ట్. 2014 నిబంధనల ప్రకారం ఈ-కార్ట్ మోయదగిన సరుకు 310 కిలోలు. బండి గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లు.

కొందరు వర్తకులు “బ్యాటరీ బండికి రిజిస్ట్రేషను అక్కరలేదు” అని చెప్పి అమ్ముతారు. ఆ మినహాయింపు 250 వాట్లలోపు మోటారు గల, వేగం తక్కువైన చిన్న వాహనాలకు మాత్రమే. ఆరు క్యాన్లు లాగే బండి మోటారు అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది. కనుక రిజిస్ట్రేషను, బీమా, నడిపేవారికి లైసెన్సు మూడూ ఉండాలి. పరీక్షా సంస్థ ఆమోదం పొందని నమూనాకు రిజిస్ట్రేషను కాదు. రిజిస్ట్రేషను, బీమా లేని బండికి ప్రమాదం జరిగితే నష్టమంతా యజమాని నెత్తినే పడుతుంది. వెల తక్కువని విదేశం నుండి నేరుగా తెప్పించుకునేవారు ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి.

కొనేటప్పుడు చూడవలసినవి

1. ఆమోద పత్రం, చాసిస్ నంబరు, మోటారు నంబరు. కాగితం మీది నంబర్లు బండి మీది నంబర్లతో సరిపోవాలి.

2. విడిభాగాలు. కంట్రోలరు, యాక్సిలరేటరు పిడి, బ్రేకు లైనర్లు మీకు దగ్గరి పట్టణంలో దొరుకుతున్నాయా? వర్తకుని మాట మీద ఆధారపడక, మరమ్మతు చేసే షాపులో అడగండి.

3. టైర్లు. మూడు చక్రాలకూ ఒకే సైజు టైరు పడే బండి మేలు. అప్పుడు ఒక్క స్టెప్నీతో పని జరుగుతుంది.

4. అతుకులు. చాసిస్ కింద, ముందు ఫోర్కు వద్ద వెల్డింగు అతుకులను చేతితో తడిమి చూడండి. చౌక బండ్లలో లోపం ముందుగా బయటపడేది అక్కడే.

5. బ్యాటరీల తయారీ తేదీ. ఎంతో కాలం గోదాములో చార్జింగు లేకుండా పడి ఉన్న బ్యాటరీ కొత్తదైనా పాతదే. తేదీ, హామీ కాలం బిల్లు మీద రాయించుకోండి.

కొన్న వారం రోజులకు నట్లు, బోల్టులన్నీ ఒకసారి బిగింపించాలి. విడిభాగాలుగా వచ్చి ఇక్కడ బిగించిన బండ్లకు ఇది తప్పనిసరి. వెనుక ఇరుసులోని డిఫరెన్షియల్ ఆయిలును కూడా మొదటి కొద్ది వందల కిలోమీటర్ల తరువాత మార్చాలి. కొత్త పళ్ల చక్రాల నుండి రాలిన ఇనుప రజను అందులో ఉంటుంది.

ఎన్ని క్యాన్లు ఎక్కించవచ్చు?

40 లీటర్ల క్యాను నిండుగా ఉంటే పాల బరువు సుమారు 41 కిలోలు. క్యానుతో కలిపి 50 కిలోల దాకా లెక్కవేసుకోవాలి. అంటే ఆరు క్యాన్లకు 300 కిలోలు. అదే హద్దు. ఎనిమిది ఎక్కించినా బండి కదులుతుంది, కాని మోటారు, కంట్రోలరు వేడెక్కుతాయి, బ్రేకు నిలవదు, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది.

మూడు చక్రాల బండికి ముందు ఒకే చక్రం ఉంటుంది కనుక మలుపులో వేగంగా తిప్పితే, ముఖ్యంగా తిప్పుతూ బ్రేకు వేస్తే, బయటి వైపుకు ఒరుగుతుంది. క్యాన్లను వెనుక ఇరుసుకు దగ్గరగా, రెండు వైపులా సమంగా సర్ది తాడుతో కట్టాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కించరాదు. సగం నిండిన క్యాన్లు నాలుగు తేవడం కంటే నిండు క్యాన్లు రెండు తేవడం మేలు. సగం క్యానులో పాలు ఊగులాడి మలుపులో బండిని కూడా ఊపుతాయి. ఊగిన పాలలో వెన్న విడిపోయి మూతకు అంటుకుంటుంది. అదీ నష్టమే.

బ్యాటరీ పని తీరు

తక్కువ వెల బండ్లలో సాధారణంగా 12 వోల్టుల సీసపు బ్యాటరీలు నాలుగు వరుసగా కలిపి ఉంటాయి. మొత్తం 48 వోల్టులు. ఒక్కొక్క బ్యాటరీలో ఆరు గదులు ఉంటాయి. ప్రతి గదిలో సీసపు పలకలు, వాటిని ముంచుతూ నీరు కలిపిన గంధకామ్లం ఉంటాయి. బండి నడుస్తున్నప్పుడు ఆమ్లంలోని గంధకపు భాగం పలకలకు పట్టి, మిగిలిన ద్రవం పలచబడుతుంది. చార్జింగు పెట్టినప్పుడు అది మళ్లీ పలకలను విడిచి ద్రవంలోకి వస్తుంది.

దిగిపోయిన బ్యాటరీని చార్జింగు పెట్టకుండా రెండు మూడు రోజులు వదిలివేస్తే పలకలకు పట్టిన ఆ పొర గట్టిపడడం మొదలవుతుంది. పూర్తిగా గట్టిపడితే తిరిగి కరగదు. పైన చెప్పిన తెల్లని పొర అదే. కనుక “రేపు బండి పని లేదు కదా” అని చార్జింగు మానడం పొరపాటు. బండి వాడినా వాడకపోయినా, దిగిన బ్యాటరీని ఆ రాత్రే నింపాలి. పండుగలకు ఊరు వెళ్లేవారు నిండుగా చార్జి చేసి, మెయిన్ స్విచ్చి ఆపి వెళ్లాలి.

మన లాక్టోమీటరు వంటిదే హైడ్రోమీటరు

పాలలో లాక్టోమీటరు వేసి చూడడం సభ్యులందరూ ఎరుగుదురు. పాలు చిక్కనైతే అది తేలుతుంది, నీళ్లు కలిస్తే మునుగుతుంది. బ్యాటరీ ద్రవాన్ని పరీక్షించే హైడ్రోమీటరు కూడా ఆ సూత్రం మీదనే పని చేస్తుంది. రబ్బరు బుడ్డి నొక్కి గదిలోని ద్రవాన్ని గాజు గొట్టంలోకి పీల్చి, లోపలి తేలును చదవాలి. చూసిన తరువాత ఆ ద్రవాన్ని అదే గదిలోకి వదలాలి.

లాక్టోమీటరులో 30 అంటే 1.030 సాంద్రత అని మనకు తెలుసు. బ్యాటరీ ద్రవం ఇంకా బరువైనది. నిండుగా చార్జి అయినప్పుడు రీడింగు 1.250 నుండి 1.280 మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకె మీ బ్యాటరీ కాగితంలో ఉంటుంది. 1.150కి దిగితే బ్యాటరీ దాదాపు ఖాళీ అయినట్లే. వేడికి పాల రీడింగు తగ్గినట్లే ఇదీ తగ్గుతుంది. 27 డిగ్రీలకు పైన ప్రతి 10 డిగ్రీలకు 0.007 కలుపుకోవాలి.

నిండుగా చార్జి చేసిన తరువాత అన్ని గదుల రీడింగులు ఇంచుమించు ఒకటిగా ఉండాలి. ఒక గదిలో మాత్రం 0.050 దాకా తక్కువ వస్తే ఆ గది దెబ్బ తింటున్నదన్నమాట. వెంటనే మెకానిక్కుకు చూపించాలి. నాలుగు బ్యాటరీలు వరుసగా కలిసి ఉన్నందున ఒకటి చెడితే మిగిలిన మూడింటినీ అది చెడగొడుతుంది. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి కుంటితే రెండవ దాని మెడ మీద భారం పడ్డట్లే. అలాగని మూడు పాత బ్యాటరీల మధ్య ఒక కొత్త దానిని పెట్టడం కూడా మంచిది కాదు. కొత్తది త్వరలోనే పాతవాటి సరసన చేరుతుంది.

నీళ్లు పోయడం

చార్జింగు చివరి దశలో ద్రవంలోని నీరు వాయువులుగా విడిపోయి ఎగిరిపోతుంది. ఆమ్లం మాత్రం లోపలే ఉంటుంది. కనుక తగ్గేది నీరే. పాలలో నీళ్లు పోయడం తప్పు, బ్యాటరీలో నీళ్లు పోయకపోవడం తప్పు. కాని ఏ నీళ్లు పడితే ఆ నీళ్లు పనికిరావు. డిస్టిల్డ్ వాటరే వాడాలి. బోరు నీరు, కుళాయి నీరు, ఫిల్టరు నీరు, ఎ.సి. యంత్రం నుండి కారే నీరు – వీటిలోని లవణాలు, లోహపు రజను పలకలను తినివేస్తాయి. “బలం తగ్గింది” అని ఆమ్లం పోయించడం అంతకంటే పెద్ద తప్పు.

మామూలు రోజులలో పదిహేను రోజులకు ఒకసారి, వేసవిలో వారానికి ఒకసారి మూతలు తీసి చూడాలి. చార్జింగు పూర్తయి బండి చల్లబడిన తరువాత, పలకల పైన సుమారు సెంటీమీటరు ఎత్తు నిలిచేటట్లు పోయాలి. బ్యాటరీ మీద గీత ఉంటే ఆ గీత వరకు. చార్జింగుకు ముందు అంచు దాకా పోస్తే ద్రవం ఉబ్బి పైకి పొంగుతుంది. అయితే పలకలు బయటపడి ఉంటే, అవి మునిగేంత నీరు పోసిన తరువాతనే చార్జింగు పెట్టాలి. నీళ్లు పోసిన వెంటనే హైడ్రోమీటరు చూడకండి. పైనున్న నీటి వల్ల రీడింగు తప్పు వస్తుంది.

చార్జింగు పద్ధతి

సాయంకాలం పాలు దింపి వచ్చిన తరువాత బండి అరగంట చల్లబడనిచ్చి చార్జింగు పెట్టండి. నిండడానికి వాడకాన్ని బట్టి ఎనిమిది నుండి పది గంటలు పట్టవచ్చు. రోజుకు ఒకసారైనా పూర్తిగా నిండాలి. సగంలో తీసి వాడడం అలవాటైతే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. నిండగానే కరెంటును తనంతట తాను తగ్గించుకునే చార్జరు కావాలి. బండితో వచ్చిన చార్జరు పోతే ఏదో ఒకటి తగిలించక, అదే వోల్టుల, అదే కరెంటు గల దానినే కొనాలి. కరెంటు సాధారణంగా బ్యాటరీ సామర్థ్యంలో పదోవంతు. 100 ఆంపియర్-అవర్ బ్యాటరీకి 10 ఆంపియర్లు.

అమ్మినవారు ఎంత దూరం చెప్పినా అందులో సగానికే మార్గం వేసుకోండి. మీటరులో వోల్టులు చూసేటప్పుడు బండి ఆపి కొద్ది నిమిషాలు ఆగి చూడాలి. 51 దాపు ఉంటే నిండుగా ఉన్నట్లు, 49 అంటే సగం. 48కి దిగాక కొత్త ట్రిప్పు మొదలు పెట్టరాదు.

చార్జింగు సమయంలో బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వస్తుంది. అది నిప్పు తగిలితే పేలుతుంది. కనుక గాలి ఆడే చోటనే చార్జింగు పెట్టాలి. గడ్డివాము పక్కన, పశువుల కొట్టంలో, మనుషులు పడుకునే గదిలో పెట్టరాదు. దగ్గరలో బీడీ, చుట్ట కాల్చరాదు. ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు, దళసరి తీగ తప్పనిసరి. ఎండ వేడి కూడా బ్యాటరీకి శత్రువే. సగటున ప్రతి పది డిగ్రీల అధిక వేడికి దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. చెట్టు నీడన, పందిరి కింద బండి నిలపడానికి ఖర్చేమీ లేదు.

ఆమ్లం కంట్లో గాని ఒంటి మీద గాని పడితే వెంటనే ధారగా మంచినీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరు వద్దకు వెళ్లాలి. ఆమ్లాన్ని కూల్‌డ్రింకు సీసాలలో ఎన్నడూ దాచరాదు. పాల పాత్రలు, గరాటాలు బ్యాటరీ పనికి వాడరాదు.

ఇటీవల లిథియం బ్యాటరీల బండ్లు కూడా వస్తున్నాయి. వాటికి నీళ్లు పోసే పని లేదు, బరువు తక్కువ, ఎక్కువ కాలం వస్తాయి, వెల ఎక్కువ. వాటిని వాటి చార్జరుతోనే నింపాలి. సీసపు బ్యాటరీ చార్జరు తగిలిస్తే ప్రమాదం.

మిగిలిన భాగాలు

బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా బూజులాగా పడితే తినే సోడా కలిపిన వేడినీటితో తోమి, తుడిచి, ఆరిన తరువాత వాసెలిన్ పూయాలి. కడిగేటప్పుడు సోడా నీరు గదుల్లోకి పోకుండా మూతలు బిగించి ఉంచాలి. వదులైన టెర్మినల్ వేడెక్కి కరుగుతుంది. వారానికి ఒకసారి తాకి చూడండి.

పాలు ఒలికిన చోట పులిసి ఇనుము తుప్పు పడుతుంది. రోజూ మగ్గుతో నీళ్లు పోసి తొట్టి కడగండి. పైపు పెట్టి మోటారు, కంట్రోలరుల మీద చిమ్మరాదు. వాగులో నీరు ఇరుసును తాకేంత ఉంటే బండి దింపరాదు.

ఈ బండికి ఇంజను పట్టు ఉండదు కనుక పల్లంలో ఆపేది బ్రేకు ఒక్కటే. నెలకొకసారి లైనర్లు చూపించండి. టైర్లలో గాలి తగ్గితే బండి బరువుగా నడిచి బ్యాటరీని తాగేస్తుంది. వారం వారం గాలి చూడాలి.

లీటరుకు ఎన్ని పైసలు?

లెక్క సులువు కోసం బ్యాటరీల వెల 36,000 రూపాయలు అనుకుందాం. రోజుకు 400 లీటర్ల చొప్పున నెలకు 12,000 లీటర్లు మోస్తున్నాము. బ్యాటరీలు తొమ్మిది నెలలు వస్తే నెలకు 4,000 రూపాయలు, అంటే లీటరుకు సుమారు 33 పైసలు. అవే పద్దెనిమిది నెలలు వస్తే నెలకు 2,000 రూపాయలు, లీటరుకు సుమారు 17 పైసలు. ఏడాదికి తేడా 24,000 రూపాయలు. ఇది డిస్టిల్డ్ వాటరు, ఒక హైడ్రోమీటరు, వారానికి అరగంట శ్రద్ధ వల్ల మిగిలే డబ్బు. మీ బిల్లులోని అంకెలు వేసి మీరే చూసుకోండి.

బండికి ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, తిరిగిన కిలోమీటర్లు, ఎక్కించిన క్యాన్లు, చార్జింగు గంటలు, నీళ్లు పోసిన రోజు, హైడ్రోమీటరు రీడింగులు అందులో రాయండి. చార్జింగు మునుపటికంటే త్వరగా అయిపోతున్నదంటే సంతోషించవద్దు. కుండ చిన్నదయితే త్వరగా నిండుతుంది. బ్యాటరీ పట్టు తగ్గుతున్నదని దాని అర్థం. హామీ కాలంలో బ్యాటరీ చెడితే వర్తకుని ముందు పెట్టడానికి కూడా ఆ పుస్తకమే సాక్ష్యం.

బండి దారిలో ఆగితే ఏం చేయాలో ముందే అనుకొని ఉండాలి. క్యాన్లను నీడకు దింపి తడి గోనెలు కప్పాలి. పిలవదగిన మరొక బండివాని నంబరు, శీతలీకరణ కేంద్రం నంబరు నోటు పుస్తకం మొదటి పేజీలో ఉండాలి. పిండిన పాలు వేసవిలో రెండు మూడు గంటలకు మించి ఆగవు.

సంఘ కార్యదర్శులకు ఒక మనవి. సంఘానికి పాలు తెచ్చే బండి ఒక్కరి సొంతమైనా అందులో వచ్చేవి అందరి పాలు. సంఘం ఒక హైడ్రోమీటరు కొని లాక్టోమీటరు పక్కన ఉంచితే ఊరిలోని బ్యాటరీ బండ్లన్నింటికీ పనికివస్తుంది. నెలకు ఒక రోజు నిర్ణయించి బండి నడిపే యువకులను పిలిచి పరీక్ష చేయించండి. ఈ వ్యాసాన్ని వచ్చే సభ్యుల సమావేశంలో చదివి వినిపించవలసినదిగా కోరుతున్నాము.